ఏనుగుల దారిలో కాలినడకన

ఆఫ్రికా అడవి అనగానే మన కళ్లముందు నిలిచేది పైకప్పు లేని జీపు, దానిలో కెమెరాలు పట్టుకొన్న యాత్రికులు, కాస్త దూరంలో చెట్టు నీడన పడుకొన్న సింహం. టెలివిజనులో మనం ఎక్కువగా చూసేది అదే. అయితే అదే అడవిలో జీపు దిగి, ఒకరి వెనుక ఒకరుగా, కాలినడకన సాగే పద్ధతి ఒకటి ఉంది. దానిని వాకింగ్ సఫారీ అంటారు. 'సఫారీ' స్వాహిలీ భాషలోని మాట. ప్రయాణం అని దాని అర్థం. ఈ కాలినడక ప్రయాణాలకు పుట్టినిల్లని పేరుపొందిన చోటు జాంబియా దేశపు తూర్పు భాగంలో ఉన్న లువాంగ్వా లోయ.

జాంబియా రాజధాని లుసాకాలో ఉద్యోగం చేస్తున్న మా బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు, సెప్టెంబరు నెలలో, మేము నలుగురం ఆ లోయకు వెళ్లాము. లుసాకా నుండి చిపాటా పట్టణం మీదుగా అడవి అంచునున్న ఎంఫువే వరకు రోడ్డున సుమారు 700 కిలోమీటర్లు. మూడు ఉదయాలు నడిచాము. ఒక సాయంత్రం అడవి ప్రక్కనున్న పల్లెలో గడిపాము. అడవిలో చూసినవాటిని ఎంత ఆనందంగా చెప్పగలమో, పల్లెలో విన్నవాటిని అంత ఆలోచనతో చెప్పవలసి ఉంది.

మార్గం తప్పని నది, దారి మార్చుకొనే నది

లువాంగ్వా నది దక్షిణంగా ప్రవహించి జాంబెజీ మహానదిలో కలుస్తుంది. దీనికి ఆనకట్టలు లేవు. నవంబరు నుండి ఏప్రిల్ వరకు కురిసే వానలకు పొంగి ఒడ్డులను కోస్తుంది, ఏటేటా వంపులు మార్చుకొంటుంది. పాత వంపులు చెరువులై మిగిలిపోతాయి. వానకాలంలో ఆ నల్లరేగడిలో బండి చక్రం కదలదు. అందుచేత నడక యాత్రలు జూన్ నుండి అక్టోబరు వరకే, ఎండాకాలంలో జరుగుతాయి. అప్పటికి అడవిలోని చిన్న గుంటలు ఎండిపోతాయి. దాహంతో ఉన్న జంతువులన్నీ నదికి, ఆ చెరువులకు చేరతాయి.

దక్షిణ లువాంగ్వా జాతీయ వనం విస్తీర్ణం 9,050 చదరపు కిలోమీటర్లు. 1938లో రక్షిత ప్రాంతంగా ఏర్పడి, 1972లో జాతీయ వనమయింది. థోర్నిక్రాఫ్ట్ జిరాఫీ అనే ఒక రకం జిరాఫీ ఈ లోయలో తప్ప అడవులలో మరెక్కడా కనిపించదు. నదిలో హిప్పోలు, అంటే మనం నీటిగుర్రాలు అనేవి, గుంపులు గుంపులుగా ఉంటాయి. పగలంతా నీళ్లలో మునిగి ఉండి, రాత్రి గట్టుకు వచ్చి గడ్డి మేస్తాయి. తెల్లవారుజామున తిరిగి నీటికి చేరే వాటి దారికి మనిషి అడ్డంగా నిలబడకూడదు. ఇది మాకు నేర్పిన మొదటి పాఠాలలో ఒకటి.

ఈ లోయలో జంతువులు ఇంతగా మిగలడానికి ఒక చిన్న ఈగ కూడా కారణం. దాని పేరు ట్సెట్సీ ఈగ. దాని కాటువల్ల పశువులకు నగానా అనే జబ్బు వస్తుంది. అందుచేత ఇక్కడ పశువుల మందలు పెంచడం ఎన్నడూ సాగలేదు. మందలు రాకపోవడంతో అడవి చాలావరకు అడవిగానే ఉండిపోయింది. ఈ ఈగను నీలం, నలుపు రంగులు ఆకర్షిస్తాయి గనుక, ఆ రంగు బట్టలు వేసుకోవద్దని మాకు ముందే చెప్పారు. మట్టిరంగు, ఆకురంగు బట్టలలోనే బయలుదేరాము.

ముందు తుపాకి, వెనుక టీ కెటిల్

ఉదయం ఐదు గంటలకు లేపుతారు. గంజిలాంటి జావ, రొట్టె ముక్క తిని, ఆరు గంటలకు నడక మొదలుపెట్టాలి. ఎండ ముదరక ముందే, పది పదకొండు గంటలకల్లా తిరిగి రావాలి. వరుస ఇలా ఉంటుంది. అందరికన్నా ముందు ప్రభుత్వ వన్యప్రాణి శాఖకు చెందిన రక్షకుడు తుపాకితో నడుస్తాడు. అతని వెనుక గైడు. గైడు వెనుక మేము నలుగురం. చివరన కెటిల్, కప్పులు, టీ పొడి మోసుకొంటూ ఒక యువకుడు. దారి మధ్యలో చెట్టు క్రింద నిప్పు రాజేసి టీ కాచి ఇచ్చేది అతడే. అతడు కూడా గైడు పరీక్షకు చదువుకొంటున్నాడు. ఈ లోయలో గైడు కావాలంటే వ్రాత పరీక్ష, అడవిలో పరీక్ష రెండూ నెగ్గాలి. చెట్ల పేర్లు, పక్షుల కూతలు, జంతువుల అడుగులు, ప్రథమ చికిత్స అన్నీ తెలిసి ఉండాలి.

మా గైడు నలభై యేళ్లు దాటిన వ్యక్తి. పెద్దగా నవ్వడు, కాని మాట మెత్తన. మాలోని స్త్రీలను "అమాయ్" అని, పురుషులను "బంబో" అని పిలిచేవాడు. న్యాంజా భాషలో అవి అమ్మా, అయ్యా వంటి మాటలు. బయలుదేరే ముందు మమ్మల్ని నిలబెట్టి, "అమాయ్, బంబో, ఒక్కటే మాట. ఏది వచ్చినా పరుగెత్తవద్దు. ఈ అడవిలో పరుగెత్తేది ఆహారం మాత్రమే" అన్నాడు. మాటలాడకుండా నడవాలి. వరుస తప్పకూడదు. అతడు పిడికిలి ఎత్తితే ఆగిపోవాలి. పన్నెండు ఏళ్లలోపు పిల్లలను ఈ నడకకు సాధారణంగా తీసుకువెళ్లరు. భయంలో పిల్లలు సహజంగా చేసేది పరుగెత్తడమే గదా!

అతని చేతిలో బూడిద నింపిన చిన్న గుడ్డసంచి ఉండేది. నాలుగడుగులకొకసారి దానిని విదిలించి, బూడిద ఎటు ఎగురుతుందో చూసేవాడు. గాలి మన వైపు నుండి జంతువు వైపు వీస్తే మన వాసన దానికి అందుతుంది. ఏనుగుకు చూపు అంత గొప్పది కాదు గాని, వాసన పట్టడంలో దానికి సాటి లేదు.

నేల మీది అక్షరాలు

జీపులో వెళ్లేవారు జంతువులను చూస్తారు. నడిచేవారు ముందుగా నేలను చూస్తారు. ఇసుకలో ఒక పెద్ద పళ్లెమంత గుండ్రని ముద్ర ఏనుగు ముందు పాదానిది. కోలగా ఉన్నది వెనుక పాదానిది. పాదం అడుగున మన అరచేతి రేఖలవంటి పగుళ్లు ఉంటాయి. వయసు మీరేకొద్దీ మడమ వైపు అవి అరిగి నున్నబడతాయి. ఆ ముద్రను చూసి "ముసలిది, తీరిక మీద వెళ్లింది, తెల్లవారుజామున" అని గైడు చెబితే మాకు నమ్మబుద్ధి కాలేదు. అప్పుడతడు ముద్ర మీదుగా సాగిన ఒక చిన్న పురుగు జాడ చూపించాడు. రాత్రిపూట తిరిగే పురుగు ఆ ముద్ర మీద నడిచిందంటే ఏనుగు అంతకు ముందే వెళ్లిందన్నమాట!

తెల్లని సుద్దముక్కల వంటి ఉండలు కనిపిస్తే అది దుమ్ములగొండి విసర్జనమట. ఎముకలు నమిలి తింటుంది గనుక, వాటిలోని సున్నం అలా తెల్లగా మిగులుతుంది. ఏనుగు లద్దెను కాలితో విడదీసి చూపించాడు. దానిలో పూర్తిగా జీర్ణం కాని గింజలున్నాయి. ఏనుగు తిరిగిన చోటల్లా ఈ గింజలు పడి మొలుస్తాయి. "మా అడవిని నాటే రైతు ఇదే" అన్నాడతడు. అడవిదున్న వీపు మీద వాలి పురుగులను ఏరుకొని తినే ఒక పక్షి ఉంది. పొద చాటు నుండి ఆ పక్షులు అరుస్తూ ఒక్కసారిగా లేస్తే, పొద వెనుక దున్న ఉందని తెలుసుకొని మరో దారి పట్టాలి.

రెండవ ఉదయం మా టీ కాచినది ఒక చింతచెట్టు క్రింద! మేము ఆశ్చర్యపోయాము. పులుసుకూ పచ్చడికీ మన ఇంటిలోనిదే అనుకొనే చింత పుట్టినది ఆఫ్రికాలోనేనని, అక్కడి నుండి ఎన్నో వందల ఏళ్ల క్రితమే మన దేశానికి చేరిందని వృక్షశాస్త్రజ్ఞులు చెబుతారు. దాని శాస్త్రీయ నామంలో 'ఇండికా' అని ఉన్నా అది మన ఇంటికి వచ్చిన అతిథే. ఏనుగులూ కోతులూ దాని కాయల కోసం వస్తాయి. అలాగే మరొక చెట్టు బావోబాబ్. పీపావలె లావైన మొదలు, తలక్రిందులుగా నాటినట్లు కొమ్మలు. మన హైదరాబాదు గోలకొండలోని నయా ఖిలాలో 'హతియాన్ కా ఝాడ్' అని పిలిచే వృద్ధ వృక్షం ఈ జాతిదే. దానిని చూసినవారికి లువాంగ్వాలో పాత పరిచయస్థుడు ఎదురైనట్లుంటుంది.

కొవ్వొత్తులు తిన్న పక్షి

మూడవ ఉదయం ఒక చిన్న బూడిదరంగు పక్షి మా తలల పైన కొమ్మ నుండి కొమ్మకు ఎగురుతూ, ఆగకుండా అరవసాగింది. గైడు ముఖం వెలిగింది. "తేనె చూపే పక్షి" అన్నాడు. ఇది మనుషులను పిలిచి, తేనెపట్టు ఉన్న చెట్టు వరకు దారి చూపుతుంది. మనిషి పొగపెట్టి తేనె తీసుకొంటే, మిగిలిన మైనం, పురుగు దానికి విందు.

ఈ పక్షి గురించిన పాత కథనం ఒకటి మన పాఠకులకు ప్రత్యేకంగా నచ్చుతుంది. 1588లో, ప్రక్కనున్న మొజాంబిక్ తీరంలోని సోఫాలాలో జువావ్ దోస్ సాంటోస్ అనే పోర్చుగీసు మిషనరీ ఉండేవాడు. తన చర్చిలోకి ఒక చిన్న పక్షి దూరి కొవ్వొత్తుల మైనం తినిపోవడం ఆయన గమనించాడు. ఆ పక్షే మనుషులకు తేనెపట్లు చూపుతుందని కూడా వ్రాసిపెట్టాడు. 2016లో శాస్త్రజ్ఞులు మొజాంబిక్‌లోని నియాసా ప్రాంతంలో పరీక్షించి చూశారు. అక్కడి యావో జాతివారు తరతరాలుగా చేసే ఒక ప్రత్యేకమైన పిలుపు వింటే, పక్షి దారి చూపడానికి వచ్చే అవకాశం రెట్టింపయిందని తేలింది. ఎవరూ మచ్చిక చేయని అడవి పక్షి, మనిషి పిలుపును అర్థం చేసుకొని పలకడం ఎంత అబ్బురం!

ఆ రోజు మేము దాని వెంట వెళ్లలేదు. అది పిలిచిన వైపు గడ్డి మనిషి ఎత్తున ఉంది. "లోపల ఏమున్నదో పక్షికి అవసరం లేదు, నాకు అవసరం" అని గైడు మమ్మల్ని వెనుకకు త్రిప్పాడు.

ఇరవై అడుగుల దూరం

భయం వేయలేదా అని అందరూ అడుగుతారు. వేసింది. రెండవ రోజు ఎండిన చెరువు ప్రక్కగా వస్తుంటే ముందున్న పిడికిలి పైకి లేచింది. చెట్ల మధ్య ఏడు ఏనుగులు, అన్నీ ఆడవే, వాటి కాళ్ల మధ్య ఒక పిల్ల. గాలి మాకు అనుకూలంగానే ఉంది. మేము ఒక చెదలపుట్ట వెనుక నిలబడి చూస్తున్నాము. అంతలో గాలి మళ్లింది. గైడు సంచి విదిలించనక్కర లేకపోయింది. పెద్ద ఏనుగు తొండం పైకెత్తి మా వైపు త్రిప్పింది. చెవులు రెండూ విప్పి, దుమ్ము లేపుతూ మా మీదికి వచ్చింది.

ఎవరమూ కదలలేదు. కదలలేదనడం కన్నా కదలలేకపోయామనడం నిజం. రక్షకుడు తుపాకి సిద్ధంగా పట్టుకొన్నాడు గాని, దాని గొట్టం నేలవైపే ఉంది. గైడు ఒక్క అడుగు ముందుకు వేసి, చేతులు చాపి, పొరుగింటి పెద్దావిడతో మాట్లాడినట్లు నెమ్మదిగా, గట్టిగా ఏదో అన్నాడు. ఏనుగు ఇరవై అడుగుల దూరంలో ఆగింది. తల ఊపింది. కాసేపు అలాగే చూసి, ప్రక్కకు తిరిగి, పిల్లను తొండంతో నెట్టుకొంటూ వెళ్లిపోయింది.

తరువాత గైడు వివరించాడు. చెవులు విప్పి, శబ్దం చేస్తూ వచ్చేది చాలాసార్లు బెదిరింపు. చెవులు వెనుకకు అదిమి, తొండం ముడిచి, మౌనంగా వచ్చేది నిజమైన దాడి. "తుపాకి పేలిన రోజు నేను ఓడిపోయినట్లు. ఏనుగు తప్పేమీ లేదు. దాని ఇంటికి వెళ్లింది మనం" అన్నాడు. ఆ మాట మా మనసులో నిలిచిపోయింది.

వేటగాడే కాపరి అయిన కథ

ఈ నడకలను ఆరంభించిన వ్యక్తి నార్మన్ కార్. 1912లో మొజాంబిక్‌లో పుట్టాడు. యువకుడిగా ఆయన ఉద్యోగం, పల్లె పంటలను పాడుచేసే ఏనుగులను కాల్చడం! ఆ పని చేస్తూనే ఆయనకు ఒక సంగతి అర్థమైంది. అడవి జంతువువలన నష్టమే తప్ప లాభం చూడని రైతు దానిని ఎందుకు బ్రతకనివ్వాలి? 1950లో ఆయన కుందా జాతి నాయకులలో ఒకరైన ఎన్సెఫు పెద్దతో మాట్లాడాడు. కొంత భూమిని జంతువులకు విడిచిపెట్టండి, చూడవచ్చేవారు ఇచ్చే డబ్బు మీ ప్రజలకే చెందుతుంది అన్నాడు. ఆ పెద్ద ఒప్పుకొన్నాడు. తుపాకితో చంపడానికి వచ్చేవారికి బదులు, కళ్లతో చూడడానికి వచ్చేవారికోసం అక్కడ గుడిసెలు వెలిశాయి. 1960 తరువాతి సంవత్సరాలలో కాలినడక యాత్రలు మొదలయ్యాయి. నార్మన్ కార్ 1997లో కన్నుమూశాడు.

కథ అంతటితో సుఖాంతం కాలేదు. 1970, 1980 దశకాలలో దంతాల కోసం దొంగవేట విజృంభించింది. ఏనుగుల సంఖ్య ఘోరంగా పడిపోయింది. ఖడ్గమృగాలు లోయలో ఒక్కటీ మిగలకుండా పోయాయి. 1989లో దేశాలన్నీ కలిసి అంతర్జాతీయ దంతపు వ్యాపారాన్ని నిషేధించిన తరువాత ఏనుగులకు కొంత ఊపిరి వచ్చింది. 2003లో నల్ల ఖడ్గమృగాలను ఉత్తర లువాంగ్వాకు తిరిగి తెచ్చి విడిచారు. తీగ ఉచ్చుల బెడద మాత్రం పోలేదు. జింక మాంసం కోసం పెట్టిన ఉచ్చులో ఏనుగు తొండమూ, సింహం మెడా కూడా పడతాయి.

పల్లెలో విన్న మాట

అడవికి కంచె లేదు. నది దాటితే పల్లె. సాయంత్రం మేము వెళ్లిన ఇంటిలో మాకు ఎన్షిమా పెట్టారు. మొక్కజొన్న పిండితో చేసే ఆ ముద్ద మన సంకటికి తోబుట్టువే. కుడిచేతితో ముద్ద చేసి కూరలో అద్దుకొని తినడం కూడా మనలాగే. ఆ ఇంటి తల్లికి అరవై ఏళ్లుండవచ్చు. కోతకు వారం ముందు ఒక్క రాత్రిలో రెండు ఏనుగులు తన చేనంతా తిని తొక్కిపోయిన సంగతి చెప్పింది. మరో ఏడు గాదె గోడ పగులగొట్టి నిలువ గింజలు తిన్నాయట. తరువాత ఆమె అన్న మాట ఇది:

"మీరు ఏనుగును చూడడానికి డబ్బిచ్చి వస్తారు. మేము దానిని చూడకుండా ఉండడానికి ఏమివ్వమన్నా ఇస్తాము."

మాకు జవాబు తోచలేదు. చిత్తూరు జిల్లాలో కుప్పం, పలమనేరు ప్రాంతపు రైతులకు ఈ బాధ ఎవరూ వివరించనక్కర లేదు. రాత్రంతా మంచె మీద డప్పు కొట్టి కూర్చున్న మనిషికి ఏనుగు అందం ఏమి కనిపిస్తుంది? 2024 ఫిబ్రవరిలో జాంబియా ప్రభుత్వం కరవును జాతీయ విపత్తుగా ప్రకటించింది. అటువంటి ఏడు ఒక చేను పోవడమంటే ఒక కుటుంబపు సంవత్సరపు కూడు పోవడమే.

అయితే ఆ పల్లెలో వారు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. ఏనుగుకు మిరప ఘాటు అసలు పడదు. చేని చుట్టూ తాడు కట్టి, మిరపపొడి కలిపిన నూనె పట్టించిన గుడ్డలు వ్రేలాడదీస్తారు. ఏనుగు లద్దెలోనే మిరపపొడి కలిపి ఇటుకలు చేసి, రాత్రి చేని గట్టున కాలుస్తారు. పింగ్‌పాంగ్ బంతులలో మిరపరసం నింపి, గొట్టంతో ఏనుగు మీదికి విసిరే పద్ధతి కూడా ఉంది. దెబ్బ తగలదు, ఘాటు తగులుతుంది, ఏనుగు వెళ్లిపోతుంది. ఏనుగు పగులగొట్టలేని గట్టి గాదెలు కట్టిస్తున్నారు. ఉచ్చులూ తుపాకులూ అప్పగించినవారికి సేద్యం నేర్పి, పంటను మంచి ధరకు కొనే కోమాకో అనే సంస్థ ఈ లోయలో 2003 నుండి పనిచేస్తున్నది.

మా గైడు ఆ పల్లెవాడే. అతని జీతం మీద తన పిల్లలే కాక, చనిపోయిన అన్న పిల్లలు కూడా చదువుకొంటున్నారు. 2020లో కరోనావలన యాత్రికులు రావడం ఆగిపోయినప్పుడు ఆ ఇంటిలో ఫీజులు కట్టలేకపోయారట. ఒక జీతం వెనుక ఎన్ని కంచాలున్నాయో అప్పుడు తెలిసిందన్నాడు. ఏనుగు ఒక ఇంట చేను తింటుంది, మరొక ఇంట ఫీజు కడుతుంది. రెండూ ఒకే పల్లె. చేను పోయిన ఇంటికి యాత్రికుల డబ్బు ఎలా చేరాలన్నదే అక్కడ ఇంకా తెగని ప్రశ్న.

అసలు నడిచినవారు

మన పాఠకులకు డేవిడ్ లివింగ్‌స్టన్ పేరు కొత్త కాదు. ఆయన 1866 డిసెంబరులో ఈ లువాంగ్వా నదిని దాటి ఉత్తరానికి సాగాడు. కొద్ది వారాలకే మందుల పెట్టె పోయింది. 1873లో, లోయకు పడమటనున్న చితాంబో పల్లెలో మరణించాడు. సూసీ, చూమా అనే ఆఫ్రికా సేవకులు, వారి తోటివారు ఆయన గుండెను అక్కడే ఒక చెట్టు క్రింద పాతిపెట్టి, శరీరాన్ని నెలల తరబడి మోసుకొంటూ సముద్ర తీరం చేర్చారు. లండనులో ఆయన సమాధిని చూసేవారు వేలమంది. మోసినవారి పేర్లు తెలిసినవారు కొద్దిమంది.

మా యాత్ర వారి నడకతో పోల్చదగినది కాదు. మేము నడిచినది రోజుకు ఐదారు కిలోమీటర్లు, మధ్యలో టీ కూడా. అయినా ముందు తుపాకి పట్టినవాడు, వెనుక కెటిల్ మోసినవాడు, ప్రక్కన పల్లెలో చేను కాచుకొనేవారు లేకపోతే మనవంటివారు అక్కడ ఒక్క అడుగు వేయలేరు.

వెళ్లదలచినవారికి ఒకటి రెండు మాటలు. మలేరియా మందులు వైద్యుని అడిగి ముందుగానే మొదలుపెట్టండి. కొత్త చెప్పులతో వెళ్లకండి, అలవాటైన బూట్లతో వెళ్లండి. బస చూసుకొనేటప్పుడు అద్దె ఎంత అని మాత్రమే కాక, ఇక్కడ పనిచేసేవారు ఏ ఊరివారు, పల్లెకు మీరు ఏమి చేస్తున్నారు అని కూడా అడగండి. ఆ ప్రశ్న యాత్రికులందరూ అడిగితే జవాబు చెప్పుకోవలసిన అవసరం యజమానులకు కలుగుతుంది. పల్లెలో ఎవరైనా ఎన్షిమా పెడితే కాదనకండి. తిన్న తరువాత "జికోమో" అనండి. కృతజ్ఞతలు అని దాని అర్థం.